బరువు ఎత్తేముందు లెక్క ఎందుకు పెట్టాలి

ఇద్దరు ముగ్గురు కలిసి బీరువా వంటి బరువైన వస్తువును ఎత్తేటప్పుడు, ఒకరు హఠాత్తుగా "ఎత్తండి" అని కేక వేయడం కంటే, సమాన విరామాలతో "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టడం ఎంతో మేలు. హఠాత్తుగా వినిపించిన మాటకు ఒక్కొక్కరు ఒక్కో వేగంతో స్పందిస్తారు కాబట్టి, ముందుగా కదిలినవారి నడుముపై క్షణకాలం అదనపు భారం పడుతుంది. లయబద్ధమైన లెక్క విన్నప్పుడు మాత్రం మెదడు తరువాతి అంకె ఎప్పుడు వస్తుందో ముందే అంచనా వేసి, కండరాలను ఆ క్షణానికి సిద్ధం చేస్తుంది. మెట్రోనోమ్ (సమాన విరామాలతో టిక్ టిక్ అని మోగే పరికరం) చప్పుడుకు వేలితో తాళం వేయమంటే చాలామంది చప్పుడు కంటే రవ్వంత ముందుగానే వేలు ఆనించడం, పైగా సరిగ్గా కలిపామనే అనుకోవడం, ప్రయోగాల్లో పదేపదే కనిపించిన విషయం.

అంకెల మధ్య ఎడం అర సెకను నుంచి ఒక సెకను వరకు ఉంటే చాలు. అది సుమారు 2 సెకన్లకు చేరితే అంచనా పట్టు తప్పి, అందరూ మళ్లీ విన్నాకే కదిలే స్థితికి వస్తారు. "మూడు" అనగానే ఎత్తాలా, ఆ తరువాతి క్షణంలో ఎత్తాలా అన్నది వస్తువుపై చేయి వేయకముందే తేల్చుకోవాలి (నా దృష్టిలో సగం తడబాట్లకు మూలం ఇదే). లయను కంటికంటే చెవి కచ్చితంగా పట్టుకుంటుంది కనుక, తల ఊపి సైగ చేయడంతో సరిపెట్టకుండా ఒక్కరే గట్టిగా పలకాలి. దించేటప్పుడూ ఇలాగే లెక్కపెట్టాలి, ఎందుకంటే ఒక వైపు ముందుగా వాలితే రెండో వైపున్నవారి వేళ్లు నలిగే ప్రమాదం ఉంటుంది.