గెట్‌యాడర్‌ఇన్ఫో లీక్‌ని ఇలా వదిలించుకున్నాను

చాలాకాలంగా నడుస్తున్న ఒక సీ సర్వర్‌లో మెమరీ మెల్లగా పెరుగుతూనే ఉండేది, అదీ కొన్ని మెషీన్లలో మాత్రమే. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్‌తో నడిపితే, అది హోస్ట్ పేరుని నెట్‌వర్క్ అడ్రస్‌లుగా మార్చే గెట్‌యాడర్‌ఇన్ఫో ఫంక్షన్ వైపు వేలు చూపించింది. కోడ్‌లో ఆ మెమరీని విడిపించే ఫ్రీయాడర్‌ఇన్ఫో ఉంది కదా, మరి లీక్ (విడిపించకుండా మిగిలిపోయే మెమరీ) ఎక్కడిది?

గెట్‌యాడర్‌ఇన్ఫో అడ్రస్‌లన్నిటినీ లింక్డ్ లిస్ట్‌గా (ఒక్కో నోడ్ తర్వాతిదాన్ని చూపించే గొలుసుగా) మన చేతికిస్తుంది, విడిపించే బాధ్యత కూడా మనదే. మా లూప్‌లో కనెక్ట్ కుదరనప్పుడల్లా అసలు పాయింటర్‌నే తర్వాతి నోడ్‌కి జరిపేసి, కుదిరిన చోటు నుంచి ఫ్రీ చేస్తున్నారు. దాంతో గ్లిబ్‌సీలో (లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ) వెనక వదిలేసిన నోడ్‌లు అలాగే మిగిలిపోయాయి. ఐపీవీ6 మొదట ఫెయిలై ఐపీవీ4 తగిలే మెషీన్లలోనే లీక్ కనిపించడానికి కారణం ఇదే!

తిరగడానికి వేరే పాయింటర్ పెట్టి, తల పాయింటర్‌ని కదపకుండా చివర్లో దాన్నే ఫ్రీయాడర్‌ఇన్ఫోకి ఇచ్చాను, లీక్ ఆగింది. మామూలు ఫ్రీ ఇక్కడ వాడకూడదు, లోపల ఎలా అలకేట్ చేసిందో లైబ్రరీకే తెలుసు. గెట్‌యాడర్‌ఇన్ఫో సున్నా కాకుండా ఇంకేదైనా ఇస్తే అసలు ఫ్రీ జోలికే వెళ్లొద్దు.

అక్కడే ఇంకో ప్రమాదం కూడా దొరికింది, నిజానికి లీక్ కంటే ఇదే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది: లిస్ట్ ఫ్రీ అయ్యాక కూడా లాగ్ కోసం, ఆ లిస్ట్‌లోని అడ్రస్‌ని చూపే ఏఐ_యాడర్‌ పాయింటర్‌ని దాచి వాడుతున్నారు. ఫ్రీ అయ్యాక ఆ పాయింటర్ చూపే మెమరీ మనది కాదు కాబట్టి, ఫ్రీకి ముందే ఆ అడ్రస్‌ని సాక్‌యాడర్_స్టోరేజ్‌లోకి (ఏ రకం అడ్రస్ అయినా పట్టే స్ట్రక్చర్) మెమ్‌కాపీ చేశాను. ఇదే పనికి వాడే పాత ఫంక్షన్ గెట్‌హోస్ట్‌బైనేమ్ ఇచ్చేది మాత్రం లైబ్రరీ సొంత స్టాటిక్ మెమరీ, దాన్ని ఫ్రీ చేయకూడదు, తర్వాతి కాల్‌కి అది మారిపోవచ్చు కూడా, కాబట్టి కావాల్సింది వెంటనే కాపీ చేసుకోవాలి.