లెవెల్ అంకెను కాదు, దాని కింది గీతను చూడండి

రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఒక పాత్రగా మారి, దాన్ని బలపరుస్తూ ఆడే గేమ్) కొత్తగా మొదలుపెట్టినవాళ్లు లెవెల్ అంకెనే చూస్తుంటారు. నేనైతే దాని కింద నిండుతూ ఉండే గీతను చూడమంటాను. శత్రువును ఓడించినా, క్వెస్ట్ (గేమ్ అప్పగించే పని) పూర్తి చేసినా వచ్చే ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు, అందులో చేరుతుంది. అది నిండగానే లెవెల్ పెరిగి, దానితోపాటు ప్రాణశక్తి, దాడి బలం పెరుగుతాయి. 1974 నాటి బల్లమీది ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచీ మూలసూత్రం ఇదే.

కిటుకంతా ఆ గీత ఎంత పొడుగన్న దాంట్లో ఉంది. పోకెమాన్ గేమ్‌లో పికాచు అనే జీవినే తీసుకోండి. ఏ లెవెల్‌కు చేరాలన్నా కావలసిన మొత్తం ఎక్స్‌పీ ఆ అంకె ఘనం. పదో లెవెల్‌కు 1,000, పదకొండుకు 1,331. అంటే మధ్యలో సంపాదించాల్సింది 331 మాత్రమే. అదే 50 నుంచి 51కి 7,651, 99 నుంచి 100కి ఏకంగా 29,701! యాభైకి చేరగానే సగం దారి దాటామని సంబరపడేవాళ్లు లెక్క చూసుకోవాలి: అప్పటికి వచ్చింది 1,25,000, వందకు కావలసింది 10,00,000. ఎనిమిదో వంతే. అసలు కథ ముగించడానికి వందో లెవెల్ అవసరమే పడదు, ఆ పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు.

అందుకే ఒకేచోట బలహీనుల్ని చంపుతూ కూర్చోకండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మీకంటే బాగా కింది లెవెల్ శత్రువులను చంపితే ఎక్స్‌పీ సున్నా. మీకు సమానంగానో, ఒకటి రెండు లెవెళ్లు పైనో ఉన్నవాళ్లను వెతకండి. ప్రతి పోరులోనూ మందులన్నీ అయిపోతుంటే మాత్రం వెనక్కి రండి. అన్నట్టు, అదే గేమ్‌లో సత్రంలో ఆపి వెళ్తే, తిరిగి వచ్చాక కొంతసేపు శత్రువులపై రెట్టింపు ఎక్స్‌పీ వస్తుంది. ఆడనందుకు బహుమతి!

లెవెల్ పెరిగినప్పుడు చేతికొచ్చే పాయింట్లు అన్నిటికీ తలా కొంచెం పంచకండి. ఒకటి రెండు నైపుణ్యాల మీదే పెట్టండి. మొదటి ఫాల్‌అవుట్ గేమ్‌లో ప్రతి లెవెల్‌కూ వచ్చే నైపుణ్య పాయింట్లు, మీ పాత్రకున్న తెలివి అంకెకు రెట్టింపు వేసి అయిదు కలిపితే వచ్చేన్ని. తెలివి 5 ఉంటే 15, 9 ఉంటే 23. పది లెవెళ్లు తిరిగేసరికి తేడా 80. ఇలా ముందు ముందు లాభం తెచ్చేవాటికే ఆరంభంలో పెద్దపీట వేయాలి.

లెవెల్ పెంచడమే దండగయ్యే గేమ్‌లూ ఉన్నాయి. ఫైనల్ ఫాంటసీ 8లో మీ లెవెల్‌తోపాటే శత్రువుల లెవెలూ పెరుగుతుంది. అక్కడ బలం వచ్చేది మంత్రాలను పాత్రలకు జతచేయడం వల్ల. మీరు ఆడుతున్నది ఏ రకమో తేల్చుకోవడం సులువే. నాలుగైదు లెవెళ్లు పెరిగాక మొదటి ప్రాంతానికి వెళ్లి పాత శత్రువును కొట్టి చూడండి. ఒక్క దెబ్బకు పడితే సంపాదన కొనసాగించండి. మునుపటంత సేపే పట్టిందంటే ఎక్స్‌పీ వేట ఆపి, ఆయుధాలు, మంత్రాల సంగతి చూసుకోండి.