ఒడిశా రాయగడలో ఇంటర్వ్యూకి కూర్చునే ముందు

దరఖాస్తుల మీద పేరు, ఇంటిపేరు, ఊరు కనబడకుండా ముందే చీటీ అంటించండి. పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చదువు సమానమే అయినా దళిత, ముస్లిం పేర్లున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువొచ్చాయి. మనమేం మినహాయింపు కాదు. పోయినసారి ‘సబర’ అన్న గిరిజన ఇంటిపేరు చూడగానే నా చెయ్యి ఆ కాగితాన్ని అడుక్కి తోసేసింది. తీరా చూస్తే టైపింగ్‌లో అతనే ఫస్టు.

అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస. ఒడియాలోనా, తెలుగులోనా అన్నది వచ్చినవాళ్లనే అడగండి. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే అమ్మాయి తెలుగులో తడబడితే పని రాదని కాదు. ‘మీరు ఏమిట్లు?’ అనే కులం ఆరా టీ తాగేటప్పుడు కూడా వద్దు.

మార్కులు ఎవరికి వారు వేశాకే మాట్లాడుకోండి. మేనేజర్ గారు ముందు నోరు విప్పితే మిగతా పెన్నులన్నీ అటే తిరుగుతాయి.