ఫ్రీస్టైల్ ఫుట్‌బాల్‌ను వృత్తిగా మలచుకోవడం ఎలా?

ఫ్రీస్టైల్ ఫుట్‌బాల్‌తో, అంటే పాదాలు, తల, భుజాల వంటి శరీరభాగాలతో బంతిని ఆడిస్తూ ట్రిక్కులు ప్రదర్శించే విద్యతో, బతకాలనుకునేవారు ముందుగా గ్రహించవలసింది, ఈ రంగంలో నెలనెలా జీతమిచ్చే యజమాని ఉండడన్న విషయం. ఫుట్‌బాల్ ఆటగాడికి క్లబ్బు ఉంటుంది, లీగు ఉంటుంది, కాంట్రాక్టు ఉంటుంది. రైల్వే, పోలీసు వంటి శాఖల్లో స్పోర్ట్స్ కోటా కింద ఉద్యోగం దొరికే అవకాశమూ ఉంటుంది. ఫ్రీస్టైలర్‌కు ఇవేవీ లేవు. అతని ఆదాయం వేదికల మీద చేసే ప్రదర్శనల నుంచి, ప్రకటనల నుంచి, పాఠశాలల్లో నిర్వహించే వర్క్‌షాప్‌ల నుంచి, ఆన్‌లైన్ వీడియోల నుంచి విడివిడిగా సమకూరుతుంది. పోటీల్లో గెలిచే బహుమతి సొమ్ము వీటన్నిటిలోకీ చిన్నది. అందువల్ల ఈ వృత్తిలోకి దిగేవారు క్రీడాకారుడిగా సాధన చేస్తూనే, కళాకారుడిగా ఆలోచించడం మొదటి నుంచే అలవాటు చేసుకోవాలి.

ఈ దారిలో పేరు తెచ్చుకున్నవారిని గమనిస్తే ఇది స్పష్టమవుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన షాన్ గార్నియే క్లబ్ అకాడమీలో ఆటగాడిగా ఎదగాలనుకుని, గాయాల వల్ల ఆ దారి మూసుకుపోయాక ఫ్రీస్టైల్ వైపు మళ్లి, 2008లో బ్రెజిల్‌లోని సావో పాలోలో జరిగిన మొట్టమొదటి రెడ్‌బుల్ స్ట్రీట్ స్టైల్ ప్రపంచ ఫైనల్‌ను గెలిచాడు. అయితే ఆ టైటిల్ గురించి ఎన్నడూ వినని లక్షల మందికి కూడా, ముసలివాడి వేషంలో వీధిలోకి వెళ్లి కుర్రాళ్లను తన ఆటతో నివ్వెరపరిచిన వీడియోల ద్వారా అతను పరిచయమయ్యాడు. ఇంగ్లండ్‌కు చెందిన లివ్ కుక్ కూడా గాయం వల్లే క్లబ్ ఫుట్‌బాల్‌కు దూరమై, కోలుకుంటున్న రోజుల్లో నేర్చుకున్న విద్యతో 2017లో మహిళల ప్రపంచ చాంపియన్ అయింది. ఆ తర్వాత టీవీ కార్యక్రమాల్లోకి, ప్రకటనల్లోకి అడుగుపెట్టింది. బిల్లీ వింగ్‌రోవ్, జెరెమీ లించ్ ఇద్దరూ కలిసి ‘ఎఫ్‌2’ పేరుతో యూట్యూబ్‌లో తమకంటూ ఒక ప్రేక్షకలోకాన్నే నిర్మించుకున్నారు. వీరందరికీ బంతి మీద అసాధారణమైన పట్టు ఉంది, నిజమే. కాని ఆ పట్టు మామూలు మనిషికి ఎలా కనబడాలన్న విషయం మీద వారు పెట్టిన శ్రద్ధే వారికి జీవనోపాధి అయింది.

సాధన దగ్గరికి వద్దాం. బంతి విషయంలో పిసినారితనం పనికిరాదు. మ్యాచ్‌లలో వాడే సైజు 5 బంతితోనూ నేర్చుకోవచ్చు గానీ, చాలామంది ఫ్రీస్టైలర్లు పాదం మీద కాస్త పట్టు దొరికే పైతొడుగు ఉన్న సైజు 4.5 బంతినే ఇష్టపడతారు. గాలి నిండుగా కొట్టిన బంతి పాదం మీద ఎగిరెగిరి పడుతుంది. బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి దిగేలా ఉంటే అదుపులోకి వస్తుంది. బూట్లకు స్టడ్లు ఉండకూడదు, ముందుభాగం చదునుగా ఉండాలి, అడుగుభాగం పలుచగా ఉండాలి. మన ఇళ్ల డాబాల మీద, అపార్టుమెంట్ల పార్కింగులో సిమెంటు నేల మీద నెలల తరబడి గెంతితే మోకాళ్లు, మడమలు దెబ్బతింటాయి. రబ్బరు మ్యాటు పరుచుకోవడమో, చెక్క నేల ఉన్న ఇండోర్ కోర్టు వెతుక్కోవడమో తప్పనిసరి.

విద్య స్థూలంగా మూడు భాగాలు: నిలబడి కాళ్లతో చేసే లోయర్స్; తల, మెడ, భుజాలు, ఛాతీతో చేసే అప్పర్స్; కూర్చుని చేసే సిట్‌డౌన్స్. అన్నిటికీ పునాది మాత్రం, బంతిని కింద పడనివ్వకుండా ఆడించే మామూలు జగ్లింగే. రెండు పాదాలతోనూ, బంతి తిరగకుండా, మోకాలి ఎత్తు దాటకుండా ఎంతసేపైనా ఆడించగలిగిన తరువాతే ట్రిక్కుల జోలికి వెళ్లాలి. మొదటి ట్రిక్కుగా అందరూ ఎంచుకునే ‘అరౌండ్ ద వరల్డ్’లో బంతిని పైకి లేపి, అది కిందికి వచ్చేలోపు అదే పాదాన్ని దాని చుట్టూ ఒక చుట్టు తిప్పి, మళ్లీ ఆ పాదంతోనే అందుకోవాలి. కొత్తవారు సమయం చాలదన్న భయంతో బంతిని నడుము దాకా లేపుతారు. అది ముందుకు జారిపోతుంది, దాన్ని వెంబడించడంలో శరీరం తూలుతుంది. నిజానికి లేపడమూ తిప్పడమూ రెండు పనులు కావు. పాదం పైభాగం బంతిని తాకిన క్షణంలోనే కాలు చుట్టు మొదలుపెట్టాలి, బంతి మోకాలి ఎత్తు దాటకూడదు, తుంటి దగ్గర కాలు వదులుగా ఉండాలి, ఆనుకున్న కాలి మోకాలు కొంచెం వంగి ఉండాలి. ముందు బంతి లేకుండా ఆ చుట్టును సాధన చేసి, తరువాత బంతిని చేత్తో వదిలి ఒక్కసారి మాత్రమే తిప్పి పట్టుకోవడం, ఆపై జగ్లింగ్ మధ్యలో కలపడం సరైన వరస. కుడికాలికి వచ్చిన ప్రతిదాన్నీ ఎడమకాలికి నేర్పడం విసుగు పుట్టించే పని, కాని రెండేళ్ల తరువాత ఇద్దరు ఆటగాళ్ల మధ్య కనిపించే తేడా చాలావరకు అక్కడే పుడుతుంది.

అప్పర్స్‌ను చాలామంది వాయిదా వేస్తారు, అది నష్టం. మెడ వెనుక బంతిని నిలబెట్టే ‘నెక్ స్టాల్’ సాంకేతికంగా మరీ కష్టమైనది కాదు. చేతులు రెండు వైపులా చాచి, భుజాలు పైకి లేపి, నడుము దగ్గర వంగి, చూపు ముందుకే నిలిపితే భుజాల మధ్య బంతికి గుంట వంటి చోటు ఏర్పడుతుంది. కాని హాలులో చివరి వరుసలో కూర్చున్నవారికి పాదాల దగ్గర జరిగే వేగమైన కాంబో (ఆపకుండా వరుసగా చేసే ట్రిక్కులు) కనిపించదు, మెడ మీద నిలిచిన బంతి కనిపిస్తుంది. వేదిక మీద డబ్బు తెచ్చేవి ఎక్కువగా ఇటువంటివే.

రోజుకు రెండు గంటలు, వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి: ఇది మొదలుపెట్టేవారికి నేను సూచించే కొలత. తుంటి, పిక్కల కండరాలు సాగదీసే వ్యాయామం లేకుండా బంతి ముట్టుకోవద్దు. మోకాలిలో నొప్పి మొదలైతే ఆ రోజుకు గెంతడం ఆపి సిట్‌డౌన్స్ చేసుకోవాలి. ఈ వృత్తిలో జబ్బు సెలవు లేదు కాబట్టి గాయం అంటే నేరుగా ఆదాయానికి గండి.

పోటీలకు వెళ్లాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు, వెళ్లాలి, కాని వాటినే గమ్యం చేసుకోకూడదు. రెడ్‌బుల్ స్ట్రీట్ స్టైల్‌లో ఇద్దరు ఆటగాళ్లు మూడు నిమిషాల పాటు, ఒకరి తర్వాత ఒకరు ముప్పై సెకన్ల చొప్పున, ఒకే బంతితో తలపడతారు. ట్రిక్కుల కష్టం, కొత్తదనం, అదుపు, సంగీతంతో పొందిక వంటివి న్యాయనిర్ణేతలు చూస్తారు. దీని జాతీయ పోటీలు మన దేశంలోనూ జరిగాయి. చెక్ రిపబ్లిక్‌లో జరిగే ‘సూపర్ బాల్’కు వివిధ దేశాల నుంచి ఆటగాళ్లు తరలివస్తారు, అక్కడ ఇద్దరు ఎదురెదురుగా తలపడే బ్యాటిల్‌తో పాటు, సంగీతానికి కూర్చిన రొటీన్‌కూ, తమకు తెలిసిన అత్యంత కష్టమైన మూడు కాంబోలను చూపే ‘సిక్ త్రీ’కీ వేర్వేరు విభాగాలున్నాయి. పోటీ వల్ల మీ స్థాయి ఎక్కడుందో తెలుస్తుంది, తోటివారితో స్నేహం ఏర్పడుతుంది, పరిచయపత్రంలో రాసుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. తోటివారి స్నేహాన్ని తక్కువగా చూడవద్దు. ఒక ఫ్రీస్టైలర్‌కు తేదీ కుదరని పని మరొకరి చేతికి వచ్చేది ఆ పరిచయాల ద్వారానే.

ఇక అసలు విషయం, ప్రదర్శన. పదిసార్లు చేస్తే ఆరుసార్లు వచ్చే ట్రిక్కు పోటీలో మిమ్మల్ని గెలిపించవచ్చు, ప్రదర్శనలో మాత్రం పరువు తీస్తుంది. బంతి కింద పడటాన్ని తోటి ఫ్రీస్టైలర్ అర్థం చేసుకుంటాడు. పెళ్లికి వచ్చిన అతిథి, మాల్‌లో పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లి అలా చూడరు, బంతి పడిందన్నదే వారికి గుర్తుంటుంది. కాబట్టి ఐదారు నిమిషాల ప్రదర్శనను, నిద్రలో లేపినా చేయగలిగిన ట్రిక్కులతోనే కూర్చాలి. ఆరంభం వేగంగా, చూపు తిప్పుకోనివ్వకుండా ఉండాలి. మధ్యలో ప్రేక్షకుల నుంచి ఒక పిల్లవాడినో, కార్యాలయ వేడుక అయితే అక్కడి పెద్దనో పిలిచి వారి చేత బంతి ఒకసారి తన్నించాలి. తల మీద బంతి నిలిపి చొక్కా విప్పి మార్చుకోవడం వంటి, ఏ వివరణా అక్కర్లేని అంశం ముగింపు దగ్గర ఉండాలి. అయినా ఎప్పుడో ఒకసారి బంతి పడుతుంది. అప్పుడు చేత్తో తీసుకోవడం కాక, అరికాలితో వెనక్కి లాగి పాదం మీదికి ఎత్తుకుని తదుపరి అంశంలోకి వెళ్లిపోయే కదలికను విడిగా సాధన చేసి పెట్టుకుంటే, సగం మంది అది కూడా ట్రిక్కులో భాగమే అనుకుంటారు.

వేదికను ముందుగా వెళ్లి చూడటం నియమంగా పెట్టుకోండి. ఫంక్షన్ హాళ్లలో చెక్క పలకల మీద తివాచీ పరుస్తారు, పలకల మధ్య సందుల్లో కాలు మడత పడే ప్రమాదం ఉంటుంది. పైనుంచి వేలాడే పూలదండలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకోవాలి. పొగ యంత్రం వాడితే నేల తడిగా జారుతుంది, రంగు కాగితాలు జల్లితే మరీ జారుతుంది. మీ అంశం ముగిసే వరకు అవి రెండూ వద్దని ఈవెంట్ మేనేజర్‌కు ముందే చెప్పాలి. తల మీద బంతి నిలిపేటప్పుడు పైకి చూడవలసి వస్తుంది కనుక, ఎదురుగా ఉన్న లైట్లు కళ్లలో పడతాయేమో రిహార్సల్‌లో తేల్చుకోవాలి. ఆరుబయట అయితే గాలి దిశ చూసుకోవాలి. రెండో బంతి, గాలి పంపు, సంగీతం ఉన్న రెండు పెన్‌డ్రైవ్‌లు సంచిలో ఎప్పుడూ ఉండాలి.

పని ఎక్కడ దొరుకుతుందంటే, తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ ఎక్కువ భాగం హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లోని ఈవెంట్ సంస్థల ద్వారానే. ఒకప్పుడు ‘రహీం సాబ్’గా పేరొందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో దేశానికి ఒలింపిక్ ఆటగాళ్లను అందించిన హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు ఆదరణ తగ్గిన మాట నిజమే. కేరళ, బెంగాల్, గోవాల్లో మాదిరిగా ఇక్కడి ప్రేక్షకుడికి ఆట లోతులు తెలియవు. దీన్ని నేను లోటుగా చూడను. ఇక్కడ చూసేవారికి ఇది కొత్త, చేసేవారు తక్కువ. కాలేజీ ఫెస్టులు, కార్పొరేట్ వేడుకలు, సంగీత్‌లు, మాల్ ప్రారంభోత్సవాలు, పాఠశాలల క్రీడాదినోత్సవాలు, టర్ఫ్ గ్రౌండ్ల టోర్నమెంట్లు, ప్రకటన చిత్రాల్లో నటుడి కాళ్లకు బదులు మీ కాళ్లు కనిపించే పనులు, ఇవన్నీ తలుపులే. ఒకటిన్నర నిమిషం మించని వీడియో ఒకటి, ప్రేక్షకుల ముందు చేసిన నిజమైన ప్రదర్శన నుంచి కత్తిరించినది, సిద్ధంగా ఉంచుకోండి. డాబా మీద చేసిన ట్రిక్కుల వీడియో మీ నైపుణ్యాన్ని చూపుతుంది. జనం చప్పట్లు వినిపించే వీడియో మీకు పని తెస్తుంది.

సామాజిక మాధ్యమాల్లో రోజూ కనిపించడం అవసరమే, అయితే యూట్యూబ్ ప్రకటనల ఆదాయానికి వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణో, మూడు నెలల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలో కావాలి కనుక, మొదటి సంవత్సరాల్లో దాన్ని ప్రచారంగానే లెక్కించుకోవాలి. సంస్థల నుంచి డబ్బు గానీ బూట్లు గానీ తీసుకుని పెట్టే వీడియోల మీద అది ప్రకటన అని స్పష్టంగా రాయాలి; దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే ఈ మార్గదర్శకాలు తెచ్చింది. సినిమా పాటలను సొంత సరదా వీడియోలకు వాడినంత స్వేచ్ఛగా వ్యాపార వీడియోలకు వాడలేరని కూడా గుర్తుంచుకోవాలి.

ధర చెప్పడానికి సంకోచించవద్దు. ప్రయాణం, బస, భోజనం వేరుగా, పారితోషికం వేరుగా చెప్పాలి. తేదీ ఖాయం చేసుకునేటప్పుడే సగం అడ్వాన్సు, వేదిక ఎక్కేముందు మిగతా సగం. ప్రదర్శన నిడివి, ఎన్నిసార్లు చేయాలి, రద్దయితే ఏం చెల్లించాలి అన్నవి కనీసం వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. “ఈసారి ఉచితంగా చేయండి, మంచి పేరు వస్తుంది” అనేవారి వేదిక మీద మైకు అద్దెకిచ్చినవాడికి, వంటవాడికి డబ్బు అందుతూనే ఉంటుంది. అనాథాశ్రమాల వంటి చోట్ల మనస్ఫూర్తిగా ఉచితంగా చేయండి, వ్యాపార వేడుకలకు మాత్రం చేయకండి. కంపెనీలు టీడీఎస్ కోసుకుని ఇస్తాయి. ఏటా రిటర్ను వేస్తేనే అందులో తిరిగి రావలసింది తిరిగి వస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చేయించుకోవాలి.

నెలనెలా ఆధారపడదగిన ఆదాయం మాత్రం బోధన నుంచే వస్తుంది. మంచి ప్రైవేటు పాఠశాల ఒకటి, అపార్టుమెంట్ సముదాయం ఒకటి వారానికి రెండు తరగతులకు ఒప్పుకుంటే, పెళ్లిళ్లు లేని నెలల్లో ఇల్లు గడుస్తుంది. ఆడపిల్లలకు ప్రత్యేక బ్యాచి పెట్టండి. పదకొండు మంది జట్టు, పెద్ద మైదానం అక్కర్లేని ఈ విద్యను ఇంటి వరండాలోనే నేర్చుకోవచ్చు కాబట్టి తల్లిదండ్రులు సులభంగా ఒప్పుకుంటారు. డిగ్రీ పూర్తయ్యే దాకా చదువు మానవద్దని నా గట్టి సలహా. గెంతులతో కూడిన ప్రదర్శనను శరీరం ముప్పై అయిదు దాకా మోయగలిగితే గొప్ప. ఆ తరువాత శిక్షణ, న్యాయనిర్ణయం, ఇతరుల ప్రదర్శనలను కూర్చడం, ఈవెంట్ నిర్వహణ వంటివి చేతిలో ఉండాలి.

విదేశీ ఆహ్వానాలు వచ్చినప్పుడు, ముఖ్యంగా గల్ఫ్ దేశాల నుంచి, తెలుగు సంఘాల వేడుకల నుంచి వచ్చినప్పుడు, పర్యాటక వీసా మీద వెళ్లి పారితోషికం తీసుకోవడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. ఏ రకం వీసా కావాలో ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకుని, నిర్వాహకుల నుంచి అధికారిక లేఖ, తిరుగు టికెట్టు, ప్రయాణ బీమా చేతికి వచ్చాకే తేదీ ఖాయం చేయండి. విమానంలో బంతి గాలి సగం తీసి సామానులో పెట్టి, పంపు సూది మరచిపోకుండా పక్కనే సర్దుకోండి.