యూరోవిజన్‌కు పాట కట్టేటప్పుడు: మూడు నిమిషాల లెక్క

యూరోవిజన్ అంటే ఏటా జరిగే యూరప్ దేశాల పాటల పోటీ. అందులో దేశం తరఫున వెళ్లే పాట మూడు నిమిషాలు దాటకూడదు. నాలుగు నిమిషాల పాట చేసేసి తర్వాత కోద్దామనుకోకండి. కోత పడ్డ చోటు చెవికి ఇట్టే దొరికిపోతుంది. ట్యూన్ కుదిరిన రోజే బార్లు (తాళంలో ఒక్కో ఆవర్తం) లెక్కపెట్టుకోవాలి.

నిమిషానికి 120 బీట్లు, బార్‌కు నాలుగు బీట్లు అయితే మూడు నిమిషాలకు సరిగ్గా 90 బార్లు. ఇంట్రోకి 2, మొదటి చరణానికి 16, కోరస్‌కి (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవికి) ముందు ఊపు పెంచే ముక్కకి 4, కోరస్‌కి 16 పెట్టండి. రెండో చరణం సగమే, 8 చాలు. మళ్లీ ఊపు ముక్క 4, కోరస్ 16, బ్రిడ్జ్ (ఆఖరి కోరస్‌కు ముందు ట్యూన్ మారే ముక్క) 8, ఆఖరి కోరస్ 16. ఇలా అయితే కోరస్ 44వ సెకనుకు అందుతుంది. ఆ పాటను అదే మొదటిసారి వినేవాళ్లు లక్షల్లో ఉంటారు, వాళ్లను అంతకంటే ఆగమనడం న్యాయం కాదు.

ఒక చిక్కుంది. 90 బార్లూ నిండిపోతే చివరి స్వరం మోగి సద్దుమణగడానికి చోటుండదు, రివర్బ్ తోక (స్వరం ఆగాక మిగిలే ప్రతిధ్వని) నిడివిని దాటించేస్తుంది. వేగం 124కు పెంచితే అవే బార్లు దాదాపు 174 సెకన్లలో అయిపోతాయి. పాట ఆ వేగాన్ని తట్టుకోకపోతే బ్రిడ్జ్‌ని 4 బార్లకు కుదించండి, 8 సెకన్లు మిగులుతాయి.

వాద్యాలన్నీ ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద నుంచే వస్తాయి, ప్రధాన గాత్రం మాత్రం వేదిక మీద పాడాల్సిందే. 2021 నుంచి బ్యాకింగ్ గొంతులను రికార్డు చేసి వాడుకోనిస్తున్నారు. అయితే ప్రధాన ట్యూన్‌నే డబుల్ చేసే గొంతు ట్రాక్‌లో ఉండకూడదు. స్టూడియోలో అదే గొంతును మూడు పొరలు వేసి కోరస్‌ను బలంగా చేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: పొరలు తీసేయగానే కోరస్ పలచబడిపోతుంది. అందుకే మొదటి నుంచీ ఒకే గొంతుతో నిలబడే ట్యూన్ రాయండి. నిండుదనం కావాలంటే మూడో స్వరంలో హార్మనీ (ట్యూన్‌తో పాటు వేరే స్వరాల్లో సాగే తోడు గొంతు) కలపండి.

ఊపిరికి చోటు పాటలోనే రాసుకోవాలి. 124 వేగంలో ఒక బీట్ ఖాళీ అంటే దాదాపు అర సెకను, గబుక్కున గాలి పీల్చుకోవడానికి అది చాలు. కోరస్‌లో ప్రతి రెండు బార్లకు అలాంటి ఖాళీ ఒకటి ఉంచండి. స్కేల్‌ను కూర్చుని పాడి నిర్ణయించకండి. డాన్సుతో సహా పాట మొత్తం చేయించి, ఆఖరి కోరస్‌లోని పై స్వరం ఎలా పలుకుతోందో వినండి. చీలితే అర స్వరం దించండి. చివర్లో స్కేల్ పెంచే ఆలోచన ఉంటే పరీక్ష ఆ పెంచిన స్కేల్లోనే జరగాలి.

ఫైనల్‌కి జ్యూరీ (ప్రతి దేశం నుంచి ఉండే సంగీత నిపుణుల బృందం) మార్కులు వేసేది ముందు రాత్రి జరిగే డ్రెస్ రిహార్సల్ చూసి. గొంతు దాచుకుంటే ఆ మార్కులు పోయినట్టే, కాబట్టి వరసగా రెండు రాత్రులూ పూర్తిగా పాడగలిగే పాటే ఎంచుకోవాలి. 2023లో లివర్‌పూల్‌లో ఫిన్లాండ్ గాయకుడు కారియాకు ప్రేక్షకుల ఓట్లలో 376 పాయింట్లు వచ్చాయి, స్వీడన్ గాయని లోరీన్‌కు 243. జ్యూరీ మాత్రం లోరీన్‌కు 340, కారియాకు 150 ఇచ్చింది. 583–526తో గెలుపు లోరీన్‌దే.

సాహిత్యం ఏ భాషలోనైనా ఉండొచ్చు, 1999 నుంచి ఆ ఆంక్ష లేదు. రాజకీయం మాత్రం కుదరదు. 2009లో జార్జియా పాట పుతిన్ పేరు మీద విసురుగా ఉందని మార్చమన్నారు, మార్చనని ఆ దేశం పోటీ నుంచే తప్పుకుంది. పోటీకి ముందు ఏడాది సెప్టెంబరు 1 కంటే ముందు పాట విడుదలై ఉండకూడదు. వేదిక మీద ఆరుగురికి మించి ఉండకూడదు.

ఓటింగ్ సమయంలో ప్రతి పాటా మళ్లీ కొన్ని సెకన్లే కనిపిస్తుంది. హుక్ లైనూ (చెవిలో నిలిచిపోయే లైను), కళ్లకు గుర్తుండే కదలికా ఒకే నాలుగు బార్లలో పడేలా చూడండి. ఆ ముక్కను మాత్రమే కోసి, పాట ఎప్పుడూ వినని మనిషికి చూపించండి. ట్యూన్ తిరిగి కూనిరాగం తీయలేకపోతే కోరస్ మొదటి లైను మళ్లీ రాయాలి.