నలభై దాటాక ఓపికంతా అయిపోయినట్టుంటే ఏం చేయాలి?

రాత్రి ఏడు గంటలు పడుకున్నా పొద్దున లేచేసరికి అలసటగానే ఉంటుంది. "అమ్మా, టిఫినేంటి?" అని పిల్లలు అడిగితే ఏడుపొస్తుంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగమే, అయినా ఒక చిన్న మెయిల్‌కి జవాబు రాయడానికి గంట పడుతోంది. నలభై, యాభై అయిదు మధ్య వయసు ఆడవాళ్లు చాలామంది దీన్ని "వయసు కదా" అనుకుని సర్దుకుపోతారు. దయచేసి సర్దుకుపోకండి. ఇది బర్న్‌అవుట్ (ఎడతెగని ఒత్తిడితో ఓపిక అడుగంటిపోవడం) కావచ్చు, రక్తహీనతో థైరాయిడో కావచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు.

ముందు గుర్తుపట్టండి

మామూలు అలసట అయితే రెండు రోజులు విశ్రాంతి దొరికితే తగ్గుతుంది. బర్న్‌అవుట్ తగ్గదు. పండగ సెలవులు అయిపోయాక కూడా అంతే నీరసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీనికి మూడు లక్షణాలు చెప్పింది: సత్తువంతా హరించుకుపోవడం, చేసే పని మీద విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపించడం. ఇది జబ్బు కాదనీ, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అనీ ఆ సంస్థ అంటుంది. నా దృష్టిలో వంటిల్లు కూడా పనిచేసే చోటే. 2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు.

ఆ విరక్తి ఇంట్లో ఎలా బయటపడుతుందో చెప్తాను. అత్తగారు పిలుస్తారు. ఎందుకు పిలిచారో వినకముందే మీకు చిరాకు వచ్చేస్తుంది. కాసేపటికి "నేనింత కఠినంగా ఎప్పుడు తయారయ్యాను?" అని బాధ. మీరు మారిపోలేదు. ఓపిక అడుగంటినప్పుడు మనసు ముందుగా వదిలేసేది మెత్తదనాన్నే.

తర్వాత రక్తపరీక్షలు

ఈ మెట్టు దాటేసి యోగాతోనో ధ్యానంతోనో మొదలుపెట్టొద్దు. సీబీపీ (రక్తకణాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బీ12, విటమిన్ డి: ఇవి చేయించాలేమో డాక్టరుని అడగండి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగం మందికి పైగా. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. "ఆడవాళ్లకి పది ఉంటే చాల్లే" అని ఎవరన్నా పట్టించుకోకండి. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే టీ, కాఫీలతో వేసుకోవద్దు, ఒంటికి సరిగా పట్టవు. నిమ్మరసంతో వేసుకుంటే మేలు.

మనదేశంలో నెలసరి ఆగే సగటు వయసు 46–47 దగ్గర ఉంటుంది. మార్పులు అంతకు కొన్నేళ్ల ముందే మొదలవుతాయి: ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి చెమటలు, మధ్యరాత్రి మెలకువ, మతిమరుపు. గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఈ లక్షణాలు వెంటనే వస్తాయి, ఉంచినా కొందరికి త్వరగా వస్తాయి. గైనకాలజిస్టుకి ఈ సంగతి తప్పక చెప్పండి, వీటికి మందులున్నాయి. నీరసంతో పాటు ఆయాసం, దవడ లేదా ఛాతీ నొప్పి ఉంటే ఇవేవీ ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, ఇష్టమైనవి కూడా రుచించకపోయినా, బతకడం ఎందుకనిపించినా అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పుడు బరువు దించాలి

అసలు కష్టం ఇక్కడుంది. ఒక వారం పాటు చేసిన పనులతో పాటు గుర్తుపెట్టుకున్న పనులు కూడా రాయండి. రేపు దోసెలంటే మినప్పప్పు ఈ పూటే నానబెట్టాలి. గ్యాస్ బుక్ చేయాలి. పాప ఫీజుకి చివరి తేదీ ఎప్పుడు? పనమ్మాయి ఎల్లుండి రాదు. ఇవన్నీ రాసి చూస్తే చేతులకంటే బుర్రే ఎక్కువ అలసిపోతోందని తెలుస్తుంది.

తర్వాత రెండు మూడు పనులు ఎంచుకుని మొత్తంగా అప్పగించండి. ఉదాహరణకి మామగారి బీపీ మాత్రలు. "ఏమండీ, వచ్చేటప్పుడు మాత్రలు తెండి" అంటే తేవడం ఆయన పని, గుర్తుపెట్టుకోవడం మాత్రం మీదే. అలా కాదు: స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో చూడటం, అయిపోయే వారం ముందే తేవడం, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో చూసుకోవడం, అన్నీ ఆయనవే. "ఇక నుంచి నాన్నగారి మందులు పూర్తిగా మీరే చూసుకోండి, నేను గుర్తుచేయను" అని చెప్పండి. ఏ రోజు మాత్రలు ఎన్ని వేయాలో కాగితం మీద రాసిచ్చి, మొదటి నెల కలిసి ఒకసారి సరిచూసుకోండి. మందుల్లో పొరపాటు రాకూడదు కాబట్టి ఈ జాగ్రత్త. కూరలు, ఇస్త్రీ, ఫీజుల లాంటివాటిలో మాత్రం వాళ్లు ఒకట్రెండు సార్లు తప్పు చేయనివ్వండి. టమాటాలు మెత్తవి తెస్తే తేనివ్వండి. మీరు మళ్లీ అందుకుంటే ఆ పని శాశ్వతంగా మీదే అవుతుంది.

ఊళ్లో అమ్మానాన్నల బాధ్యత కూడా ఉంటే, విదేశంలో ఉన్న అన్నయ్యనో తమ్ముణ్ణో వదిలిపెట్టకండి. ల్యాబ్ బుకింగ్, బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు.

నిద్ర, ఉద్యోగం

అందరూ పడుకున్నాక ఫోను పట్టుకునే ఆ గంట మీకు దొరికే ఏకైక సొంత సమయం, అందుకే మానలేరు. ఫోను మానేయమని చెప్పను. ఆ సొంత గంటని సాయంత్రానికి మార్చుకోండి: తలుపేసుకుని కూర్చోవచ్చు, మేడమీద నడవొచ్చు, ఏమీ చేయకపోవచ్చు. అది దొరికితే రాత్రి మీరే త్వరగా పడుకుంటారు.

ఆఫీసులో "పని ఎక్కువైంది మేడమ్" అంటే ఎవరూ వినరు. చేతిలో ఉన్న పనుల జాబితా, గడువులు చూపించి "వీటిలో ఏది వాయిదా వేయమంటారు?" అని అడగండి. సెలవు పెడితే ఇల్లు సర్దడానికి వాడొద్దు.

కోలుకోవడానికి నెలలు పడుతుంది, అదీ ఒక తీరుగా సాగదు. పదిరోజులు హాయిగా ఉండి మళ్లీ కూలబడినట్టు అనిపిస్తే, అప్పగించిన పనుల్లో ఏది మీ దగ్గరికి తిరిగొచ్చిందో చూడండి. సంక్రాంతికో, పిల్లల పరీక్షలప్పుడో, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడో ఒకటి వెనక్కి వచ్చి అలాగే ఉండిపోతుంది. దాన్ని ఆ వారంలోనే తిరిగి ఇచ్చేయండి.