ముత్తాత కాఫీ తోట దొర అంటారా? కాగితాల్లో ఆచూకీ తీసే పద్ధతి

గుంతకల్లు, కాజీపేట, వాల్తేరు రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో పెద్దవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "నీలగిరుల్లో మా ముత్తాతకి తోట ఉండేది." అందులో నిజం ఎంతో కొంత ఉంటుంది. కాకపోతే కాగితాలు చేతికొచ్చేసరికి 'తోట ఉండేది' అన్నది 'తోటలో ఉద్యోగం ఉండేది'గా తేలడం మామూలే. ఆ రోజుల్లో సొంత ఎస్టేటు ఉన్నవాణ్నీ, నెలజీతానికి దాన్ని నడిపినవాణ్నీ కూడా ప్లాంటర్ అనే రాశారు. కూలీలకు మేనేజరు 'పెరియ దొరై', అసిస్టెంటు 'సిన్న దొరై'. ఇద్దరూ దొరలే. వెతికేవాళ్లకు మాత్రం ఈ తేడా మొదట్లోనే తేలాలి. భూమి లేనివాడి కోసం భూమి రికార్డులు తిరగేస్తే నెలలు వృథా అవుతాయి.

ఇక్కడ చెప్పేది పాత మద్రాసు ప్రెసిడెన్సీ కొండల గురించి: నీలగిరులు, వైనాడ్, షెవరాయ్ కొండలు, వాటి పక్కనే ఉన్న కూర్గ్, మైసూరు తోటలు. నెల్లూరు, కడప వైపు నీలిమందు వ్యాపారం చేసిన దొరలకూ ఇదే దారి పనికొస్తుంది.

మీ నుంచి వెనక్కి

దొర దగ్గర మొదలుపెట్టి కిందికి రాకండి. మీ అమ్మానాన్నల దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. బాప్తిస్మం సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, స్కూలు టీసీ, రైల్వే సర్వీసు రిజిస్టరు, కుటుంబ బైబిల్ మొదటి పేజీలు వరసగా పోగు చెయ్యండి. ప్రతి తరానికీ నాలుగు సంగతులు తేలాలి: పూర్తి పేరు, దాని స్పెల్లింగులన్నీ, ఏ శాఖ చర్చి, ఏ ఊళ్లో ఏ దశకంలో ఉన్నారు. వీటిలో ఎక్కువమంది అడగడం మరిచిపోయేది చర్చి శాఖ. ఆంగ్లికన్ అయితే ఒక దారి, కేథలిక్ అయితే ఇంకో దారి.

చర్చి ప్రతులు: ఎన్/2

ఆ కాలంలో యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు పుట్టుక, పెళ్లి, చావుకు ఆధారం ప్రధానంగా చర్చి రిజిస్టరే. చాప్లిన్లు (ప్రభుత్వ జీతం మీద పనిచేసే పాదిరులు) తమ రిజిస్టరు నకళ్లను మద్రాసుకు పంపేవారు, అక్కడి నుంచి అవి లండన్ చేరేవి. ఆ నకళ్లు ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు (అప్పట్లో లండన్ నుంచి ఇండియా వ్యవహారాలు చూసిన శాఖ) రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ వరస ఎన్/2. బెంగాల్‌ది ఎన్/1, బొంబాయిది ఎన్/3. సికింద్రాబాద్, బెంగుళూరు కంటోన్మెంట్ల ఎంట్రీలు కూడా ఎన్/2 లోనే దొరుకుతాయి. నిజాం రాజ్యం, మైసూరు సంస్థానం కదా అని వేరే చోట వెతకనక్కర్లేదు.

ఫ్యామిలీసెర్చ్ సైటులో ఇండెక్సు ఉచితం. ఫైండ్‌మైపాస్ట్‌లో పేజీల స్కాన్లు ఉంటాయి, చందా కట్టాలి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర కోసం 1998లో మొదలైన ఫిబిస్ అనే సంస్థ డేటాబేస్‌లో వెతకడానికి డబ్బులక్కర్లేదు. ఏ సైటులో చూసినా ఇండెక్సు దగ్గరే ఆగొద్దు. ఇండెక్సులో పేర్లు, తేదీ, ఊరు లాంటివే ఉంటాయి. అసలు సరుకు పేజీ మీద ఉంటుంది.

బాప్తిస్మం పేజీలో ఒక్కో పిల్లాడికి ఒక అడ్డవరస. బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, నివాసం, తండ్రి వృత్తి, చివర పాదిరి సంతకం. మీ కళ్లు ముందు వెళ్లాల్సింది వృత్తి, నివాసం గడుల మీదికి. వృత్తి గడిలో ప్లాంటర్ అనో, ఫలానా ఎస్టేట్ సూపరింటెండెంట్ అనో, ఇండిగో ప్లాంటర్ అనో ఉంటుంది. నివాసం గడిలో ఎస్టేటు పేరు రాసి ఉంటే వెతుకులాట సగం అయినట్టే. రెండు తేదీల మధ్య ఎడం కూడా చూడండి. కొండల మీద పాదిరి ఎప్పుడోగానీ వచ్చేవాడు కాదు కాబట్టి అన్నదమ్ములందరికీ ఒకేరోజు బాప్తిస్మం ఇచ్చిన సందర్భాలుంటాయి. ఒకడి ఎంట్రీ దొరికితే పైనా కిందా వరసలు కూడా చదవండి.

అన్నీ లండన్ చేరలేదు. కేథలిక్, బాప్టిస్టు, మిషన్ చర్చిల నకళ్లలో లోట్లు చాలా ఎక్కువ. అప్పుడు అసలు చర్చికే ఉత్తరం రాయాలి. ఊటీ సెయింట్ స్టీఫెన్స్ లాంటి పాత ఆంగ్లికన్ చర్చిలు 1947 నుంచి సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కింద ఉన్నాయి. కేథలిక్ అయితే ఆ విచారణ (పారిష్) గురువుకు రాయాలి. ఉత్తరంలో ఒక్క పేరు, అయిదేళ్ల వ్యవధి, ఒక్క సంస్కారం (బాప్తిస్మమో, పెళ్లో) అడగండి. "మా వంశం వివరాలన్నీ పంపండి" అంటే జవాబు రాదు.

మనిషిని కాదు, తోటను పట్టుకోండి

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. స్కాట్లండ్ పేర్లు పట్టుకుని వెతికితే ఒకే దశకంలో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు తగులుతారు. పైగా డైరెక్టరీల్లో ఇనిషియల్సే ఉంటాయి. తోట పేరు అయితే మారదు, మారినా అరుదు.

మద్రాసు నుంచి ఏటా వచ్చిన అసైలం ప్రెస్ అల్మనాక్ అనే డైరెక్టరీలో యూరోపియన్ నివాసుల జాబితా ఉంటుంది. తర్వాతి సంచికల్లో జిల్లాలవారీగా తోటల జాబితా కూడా ఉంటుంది. 1885 నుంచి థాకర్స్ డైరెక్టరీ ఇండియా మొత్తానికి వచ్చింది. ఒక పట్టిక గీసుకుని ఏడాది, తోట, యజమాని, మేనేజరు, ఎకరాలు, పోస్టాఫీసు నింపుకుంటూ పొండి. ఒక్క సంచిక చూసి వదిలేస్తే లాభం లేదు. వరసగా పదేళ్లు చూస్తే మనిషి అసిస్టెంటుగా ఎక్కడ చేరాడో, ఏ ఏడు మేనేజరయ్యాడో, ఎప్పుడు మాయమయ్యాడో కనిపిస్తుంది. డైరెక్టరీ సమాచారం అచ్చయ్యేసరికి పాతబడుతుంది. కాబట్టి చనిపోయినవాడి పేరు మరుసటి ఏడాది కనిపించినా కంగారు పడొద్దు.

స్పెల్లింగులు ముందే రాసి పెట్టుకోండి. నీలగిరికి నీల్‌ఘెరీ, ఊటీకి ఊటకమండ్, మానందవాడికి మానంటోడీ. వైనాడ్‌కి చివర ఒక 'ఏ' ఉండొచ్చు, రెండుండొచ్చు.

జిల్లా హద్దుల సంగతి అంతకన్నా ముఖ్యం. నీలగిరులు 1868 వరకు కోయంబత్తూరు జిల్లాలో ఉండేవి. గూడలూరు వైపున్న ఆగ్నేయ వైనాడ్ 1877 వరకు మలబార్ జిల్లాది. అంటే 1870 నాటి గూడలూరు తోట కాగితం మలబార్ ఫైళ్లలో ఉంటుంది, నీలగిరిలో ఎంత వెతికినా దొరకదు. ఆ ఫైళ్ల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌తో పాటు కోళికోడ్‌లోని ప్రాంతీయ ఆర్కైవ్స్ కూడా చూడాలి.

సొంత భూమి ఉందని తేలితే

1833 చార్టర్ చట్టానికి ముందు యూరోపియన్లకు ఇక్కడ ఉండటానికే ఈస్టిండియా కంపెనీ లైసెన్సు కావాలి, భూమి కొనడం ఇంకా కష్టం. అందువల్ల 1820ల్లో 'మా తాత తోట' అంటే కాస్త అనుమానంగానే చూడాలి. 1860ల తర్వాత అమ్మకాలు, తనఖాలు, లీజులు సబ్ రిజిస్ట్రార్ పుస్తకాల్లోకి ఎక్కాయి. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో, వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఆస్తితో నడుస్తుంది. 1వ పుస్తకం, దాని ఇండెక్సులు ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు. వీలునామా రాసినవాడు చనిపోయాక 3వ పుస్తకం నకలు కూడా ఎవరైనా అడగొచ్చు.

కంప్యూటరులో తీసే ఈసీ (ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్) అంత వెనక్కి పోదు. చేతిరాత ఇండెక్సులు చూపించమని విడిగా దరఖాస్తు పెట్టాలి. ఎస్టేటు పేరు చెప్తే గుమస్తాకు అర్థం కాకపోవచ్చు. గ్రామం పేరు, దొరికితే సర్వే నంబరు చెప్పాలి. రీసర్వేలో నంబర్లు మారి ఉంటాయి గనుక పాత నంబరుకు కొత్త నంబరు ఏదో రెవెన్యూ కార్యాలయంలో కనుక్కుని వెళ్లండి.

వీలునామాలు, తల్లి పేరు

మద్రాసు వీలునామాల నకళ్లు ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎల్/ఏజీ/34/29 వరసలో, ఆస్తి జాబితాలు ఎల్/ఏజీ/34/27లో ఉన్నాయి. ఇంగ్లండులో ఆస్తి ఉన్నవాళ్లయితే 1858 నుంచి అచ్చయిన ప్రొబేట్ కాలెండర్ (కోర్టు ఖరారు చేసిన వీలునామాల జాబితా) కూడా చూడండి. స్కాట్లండ్ వాళ్లకు స్కాట్లండ్స్ పీపుల్ సైటు వేరుగా ఉంది.

దొరకి ఇక్కడి స్త్రీతో పుట్టిన సంతానం మీ శాఖ అయితే బాప్తిస్మం పేజీలో తల్లి గడి ఖాళీగా ఉండొచ్చు, లేదా 'నేటివ్ ఉమన్' అని ఉండొచ్చు, లేదా ఉత్త 'మేరీ' అని ఉండొచ్చు. అది రాసినవాళ్ల చిన్నచూపు. ఆమె దొరికే అవకాశం ఎక్కువగా వీలునామాలోనే ఉంది. 'నాచురల్ సన్', 'నాచురల్ డాటర్' అన్న మాటలు కనిపిస్తే పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డలని అర్థం. 'హౌస్‌కీపర్'కి నెలకింత ఇవ్వమని ఉన్న వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదవండి. సంరక్షకులుగా ఎవరిని పెట్టాడో చూసి, వాళ్ల మీద కూడా వెతకండి. పిల్లల్ని ఏ బోర్డింగు స్కూల్లో, ఏ అనాథాశ్రమంలో వేశారో తెలిస్తే అక్కడి ప్రవేశ రిజిస్టరు అడగండి.

డీఎన్ఏ పరీక్ష తోడ్పడుతుంది కానీ పరిమితి ఉంది. ముత్తాత నుంచి మీకు వచ్చేది సుమారు 12.5 శాతం, ఆయన తండ్రి నుంచి సుమారు 6 శాతం. అందుకే ఇంట్లో బతికున్న అందరికన్నా పెద్ద తరానికి పరీక్ష చేయించండి. మైటోకాండ్రియా పరీక్ష తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి వరసకే పనిచేస్తుంది. మధ్యలో ఒక్క మగవాడున్నా ఆ దారి తెగిపోతుంది.

మనిషి మాయమైతే

మరణం నమోదు దొరకనప్పుడు ముందు సమాధులు చూడండి. 1905లో జె.జె. కాటన్ ప్రచురించిన మద్రాసు సమాధి శాసనాల జాబితా జిల్లాలవారీగా ఉంది, విశాఖ, మచిలీపట్నం సమాధులు కూడా అందులో ఉన్నాయి. 1868 నుంచి వచ్చిన మద్రాస్ మెయిల్‌లో మరణ ప్రకటనలు ఉంటాయి.

అక్కడా లేకపోతే మనిషి చనిపోలేదు, వెళ్లిపోయాడు అనుకోండి. 1869లో సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) బయటపడిన కాఫీ ఆకు తుప్పు తెగులు తర్వాతి దశకంలో దక్షిణ భారత తోటల్నీ పట్టుకుంది. కాఫీ దెబ్బతిన్నవాళ్లు కొందరు టీకి, క్వినైన్ మందుకు వాడే సింకోనా చెట్లకి మారారు, కొందరు వేరే దేశాలకు పోయారు. 1880 ప్రాంతంలో వైనాడ్‌లో బంగారం గనుల వెర్రి లేచి, లండన్‌లో కంపెనీలు పుట్టి కూలాయి. మూతపడ్డ ఆ కంపెనీల ఫైళ్లు లండన్‌లో క్యూ అనే చోటున్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 31 వరసలో ఉన్నాయి, వాటాదార్ల పేర్లు కూడా అందులో ఉండొచ్చు. 1906 అక్టోబరులో మద్రాసులో బ్యాంకు నడిపిన అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినప్పుడు అక్కడ డబ్బు దాచుకున్నవాళ్లు మునిగిపోయారు. మీవాడు 1907 డైరెక్టరీలో హఠాత్తుగా కనిపించకపోతే ముందు ఆ దివాలా కాగితాల్లో కంపెనీ నుంచి డబ్బు రావాల్సినవాళ్ల జాబితా చూడండి, తర్వాతే సిలోన్, మలయా డైరెక్టరీల జోలికి వెళ్లండి.